హేమ్లి ముందు ఖాళీగా నడిపిన మాడ్యులేటర్

మా హేమ్లికి తొందర అంటే తెలియదు. తల్లాడ పక్కనున్న తండా నుంచి రోజూ బస్సులో ఖమ్మం పాలిటెక్నిక్‌కు వచ్చేది. 1997లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఆఖరి ఏడాది, మేమిద్దరం ఒకే ప్రాజెక్టుకు జత. నాకేమో నోరెక్కువ, ఓపిక తక్కువ. ఆమెతో పనంటే నా ప్రాణం విసిగిపోయేది.

మా ప్రాజెక్టు బ్యాలెన్స్‌డ్ మాడ్యులేటర్ చిప్. రేడియోలో మాటను మోసుకెళ్ళే తరంగం ఒకటుంటుంది. ఈ చిప్ దాన్ని అణిచేసి, మాటతో కలిసి పుట్టిన భాగాన్ని మాత్రమే బయటికి పంపుతుంది. కొందామంటే ఖమ్మంలో దొరకలేదు. అయితే కంప్యూటర్‌లోనే నడిపి చూపించమన్నారు కాలేజీలో. తీరా చూస్తే సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ చిప్ లేదు. దాని లోపలి ట్రాన్సిస్టర్లను ఒక్కొక్కటిగా టైపు చేసి మేమే కట్టుకున్నాం. అంటే హేమ్లి టైపు చేసింది, నేను పక్కన కూర్చుని గొణిగాను.

పరీక్ష చేయడానికి హైదరాబాదు నుంచి వచ్చిన సారు మా దగ్గరికి చేరేసరికి ఒంటిగంట దాటింది. రెండింటికి కరెంటు కోత. ఆ పూట చూపించలేకపోతే వచ్చే ఏడాదే. హేమ్లికి వచ్చే ఏడాది లేదు. ఈ ఏటితో చదువు చాలని వాళ్ళ నాన్న రామ్‌సింగ్ ముందే తేల్చేశాడు.

“మాట సిగ్నల్ ఇచ్చి నడుపమ్మా, జల్దీ,” అన్నాడు సారు.

“ముందు ఖాళీగ నడపాలె సార్. మాట లేకుంటే ఏం రావద్దు,” అంది హేమ్లి.

సంతలో చింతపండు అమ్మేటప్పుడు వాళ్ళమ్మ బాలి కూడా ఇంతే. షావుకారు ఖాళీ తక్కెడ పట్టి చూపిస్తే తప్ప మూట విప్పదు. ఆ తల్లికి పుట్టిన పిల్ల మన మాట వింటుందా? నాకు ఒళ్ళు మండింది.

కంప్యూటర్ తీరిగ్గా లెక్క కట్టింది. తెర మీద చదునుగా పడాల్సిన గీత ఎగిరెగిరి పడుతోంది. అణగాల్సిన తరంగం దర్జాగా బయటికొచ్చేసింది.

“ఖతమైంది పో,” అన్నాను.

“ఆగవే జంపక్కా. ఒకదిక్కు బరువైంది, గంతే,” అని నాతో అంటూనే హేమ్లి తెర మీద వేలు పెట్టి ఒక్కో వరస చదివింది. సమానంగా ఉండాల్సిన రెండు రెసిస్టర్లలో ఒకటి ఐదు వందలు, రెండోది యాభై. టైపు చేసేటప్పుడు తానే సున్నా మింగేసింది. నేరుగా మాట ఇచ్చి నడిపి ఉంటే అలలు అందంగానే వచ్చేవి, కానీ అది మోసే తరంగం అణగని మామూలు రేడియో తరంగం అయ్యేది. సారు ఒక్క చూపులో పట్టేసి మమ్మల్ని ఇంటికి పంపేవాడు.

సున్నా చేర్చి మళ్ళీ నడిపింది. గీత బల్ల మీద పరిచిన దారంలా పడుకుంది. ఏమీ లేని తెరను చూసి అంత సంతోషపడటం నా జన్మలో అదే మొదలు. వెంటనే మాట ఇచ్చింది. రావాల్సినట్టే అలలు ఉబ్బాయి, సన్నబడి సున్నాకు వచ్చాయి, మళ్ళీ ఉబ్బాయి. సారు కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వచ్చాడు. జేబులోంచి పెన్ను తీసి ఇద్దరి పేర్ల ఎదుట పాస్ అని రాశాడు.

“అయిపోయిందా సార్? పోవచ్చా?” అన్నాను.

“అయిపోయింది గానీ, కరెంటు ఇంకా ఉన్నది గద. మార్కులకు కాదు, నా కోసం ఇంకోసారి నడుపమ్మా, చూస్త,” అన్నాడు సారు.

అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న హేమ్లి ఏడ్చేసింది. ఏడుస్తూనే మీట నొక్కింది.