ఇమ్మానుయేల్ వదిలేసిన బంతులు

ఇమ్మానుయేల్‌ను తిట్టండి, నవ్వుతాడు. మెచ్చుకోండి, మీద పడతాడు. చేతిలో ఎప్పుడూ బేస్‌బాల్ బ్యాటు ఉంటుంది కాబట్టి నారాయణఖేడ్‌లో ఆయన్ని మెచ్చుకునేవాళ్లు క్రమంగా తగ్గిపోయారు. చివరికి మిగిలింది అంబదాస్ ఒక్కడే.

అంబదాస్ బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు గానీ, కాళ్లు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. పనున్నా లేకున్నా ఏదో ఒక ఊరు తిరిగొస్తేనే అన్నం సయిస్తుంది. ఆ రోజు కల్హేర్ నుంచి ఆటోలో వస్తుంటే, మలుపులో నడిరోడ్డు మీద ఒక పొడుగాటి మనిషి బ్యాటు అడ్డం పెట్టి నిలబడ్డాడు. డ్రైవర్ నర్సింగ్ వేగం తగ్గించాడు.

"కాకా, ఎవడో రౌడీ లెక్కున్నడు. ఆపాల్నా, గుంజాల్నా?"

"రౌడీ ఏందిరా? ఇండియా టీంకు ఆడిన మనిషి. ఆపు."

నర్సింగ్‌ను అనడానికీ లేదు. మన దేశంలో బేస్‌బాల్ బ్యాట్లు బాగానే అమ్ముడుపోతాయి, బంతులే పోవు. బంతి లేకుండా ఆ బ్యాట్లతో జనం ఏం ఆడుతున్నారో పోలీసులకే తెలియాలి. అంబదాస్ నౌకరీ చేసిన రోజుల్లో ఇమ్మానుయేల్ బస్సెక్కితే చాలు, కిటికీ సీటు దానంతటదే ఖాళీ అయ్యేది. లేచినవాడు దిగేదాకా ఫుట్‌బోర్డు మీదే వేలాడేవాడు.

ఇమ్మానుయేల్ ఎక్కి, బ్యాటును ఒళ్లో పసిపిల్లలా పడుకోబెట్టుకున్నాడు. పలకరింపు లేదు. ఆయనకు రావడం తెలుసు, పోవడం తెలుసు. నమస్కారాలు తెలియవు.

ఆయన్ని చూడగానే అంబదాసుకు పాత మంట రాజుకుంది. మిషన్ హాస్టల్ వెనక గుడ్డబంతిని తుమ్మకర్రతో బాదిన పిల్లవాడు రాష్ట్రం జట్టుకెక్కాడు. ఒక పెద్ద కంపెనీ జీతమిచ్చి మరీ ఆడించుకుంది. దేశం జెర్సీ వేసుకున్నాడు. నాగపూర్ ఫైనల్లో వెనక్కి వెనక్కి ఉరికి, కంచెకు వీపు కొట్టుకుని, ఆఖరి బంతిని గాల్లోనే పట్టాడు. అంబదాస్ సెలవు పెట్టి, పూరీలు కట్టుకుని పోయి కళ్లారా చూశాడు. ఇదే క్రికెట్ అయితే చౌరస్తాలో విగ్రహం లేచేది. మరి ఊరేం చేసింది? సన్మానం ఫ్లెక్సీ మీద ఆయనకు క్రికెట్ ప్యాడ్లూ హెల్మెట్టూ తొడిగింది. అంబదాస్ ఫ్లెక్సీవాడి గల్లా పట్టుకుంటే, ఇమ్మానుయేల్ తీరిగ్గా చూసి, "ప్యాడ్లు మస్తున్నయ్" అన్నాడు.

సరే, ఊరికి తెలియదు. మరి ఈయనకేం రోగం? ఆ సన్మానంలోనే అంబదాస్ మైకులో నాగపూర్ క్యాచ్ గురించి గొంతు పగిలేలా చెబుతుంటే, ఇమ్మానుయేల్ మైకు గుంజుకున్నాడు.

"అబద్ధం. గా బాల్ నా కాళ్ల సందులకెళ్లి పోయింది. అది చెప్పవేంది?"

జనం ఘొల్లున నవ్వారు. ముందు వరుసలో కూర్చున్న పిల్లలు మరీ నవ్వారు. తర్వాత బోరంచ ఊళ్లో పిల్లల ఆటల పోటీల్లో అంబదాస్ మళ్లీ మొదలుపెడితే ఇంకో కథ. "క్యాచ్ లేదు, గీచ్ లేదు. బేస్ కాడికి ఉరుక్కుంట బోర్ల పడ్డ. మోకాళ్లు చెక్కుకపోయినయ్."

"నీ చరిత్ర నువ్వే పాడుజేస్తే, పూరీలు కట్టుకొని పోయినోన్ని నేనేం గావాలె?" అని అంబదాస్ నాలుగు వీధులకు వినపడేలా అరిచాడు. చాలా రోజులు మాట్లాడలేదు. అవతలివాడు ఎలాగూ మాట్లాడడు గనుక ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడు ఆటోలో ఎదురుగా ఒక తల్లి, బడి యూనిఫాంలో బిడ్డ. పిల్ల ఒళ్లో కవరు, కవరులో బేస్‌బాల్ గ్లౌజు. గ్లౌజును చూసి అంబదాస్ ప్రాణం లేచొచ్చింది.

"ఏం పేరు బిడ్డా? ఆడుతవా?"

పిల్ల తల దించుకుంది. తల్లి వినోద జవాబు చెప్పింది. "సంతోషి కాకా. ఆడుతుండె. మొన్న ఆఖర్ల చేతులకొచ్చిన బాల్ ఇడిసిపెట్టిందట, టీం ఓడిపోయిందట. అన్నం తింటలేదు. ఐతారం జిల్లా టీంకు పిల్లలను తీసుకుంటున్నరు, పోనంటుంది. గీ గ్లౌజు బడిల వాపసిచ్చుడే అంటుంది."

"అరె, ఎవరి ముంగట కూసున్నవో ఎరుకనా?" అంబదాస్ ఉత్సాహంగా ముందుకు జరిగాడు. "గీ సార్ జిందగీల ఒక్క బాల్ వదల్లే. నాగపూర్ల ఎట్ల పట్టిండంటే..."

సంతోషి కవరు మూతి ఇంకా గట్టిగా ముడివేసింది.

"పట్టలే" అన్నాడు ఇమ్మానుయేల్. ఒళ్లో బ్యాటు లేచి కూర్చుంది. "ఎన్నిసార్లు చెప్పాలె నీకు? చేతులకొచ్చింది. గ్లౌజుల పడ్డది. జారింది. టీం ఓడింది. బాత్రూంల పోయి ఏడ్చిన. కెప్టెన్ రైలు దిగేదాంక మాట్లాడలే. తెల్లారి మళ్ల గ్రౌండుకు పోయిన. గదీ నా చరిత్ర. చెప్తే గది చెప్పు."

అంబదాస్ నోరు తెరిచాడు, అరవడానికి. మొన్న కాళ్ల సందు, నిన్న మోకాళ్లు, ఇయ్యాల గ్లౌజుల జారిందా? ఒక్క బంతిని ఒక మనిషి ఎన్ని రకాలుగా వదిలేస్తాడు? అంతలో ఆ రెండు సభలూ కళ్ల ముందుకొచ్చాయి. సన్మానంలో ముందు వరుసలో కూర్చున్నది బడి టీం పిల్లవాడు విక్టర్. ఆ వారమే వాడి కాళ్ల సందులోంచి బంతి పోయిందని బడంతా వెక్కిరించింది. బోరంచలో ముందు కూర్చున్నది పరుగులో పడ్డ చిన్నపిల్ల లిల్లీ, రెండు మోకాళ్లకూ పట్టీలతో.

సంతోషి మొదటిసారి తల ఎత్తింది. కానీ ఇమ్మానుయేల్‌ను నమ్మలేదు, అంబదాస్ వైపు తిరిగింది.

"తాతా, మీరు చూసిన్రు గదా. నిజంగనే ఇడిసిండా?"

నర్సింగ్ కూడా అద్దంలోంచి చూస్తున్నాడు. అంబదాసుకు నాగపూర్ ఎండ, కంచె చప్పుడు, గాల్లో ఆగిన ఆ గ్లౌజు, చల్లారిన పూరీలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పిల్ల వైపు వంగాడు.

"ఇడిసిండు బిడ్డా. ఘోరంగ ఇడిసిండు. చంటిపోరడు గూడ పట్టే బాల్. చూడనీకి నాకే సిగ్గయింది."

ఇమ్మానుయేల్ చివాలున తిరిగాడు. "చంటిపోరడు పడ్తడా? అంత అల్కగుండెనా అది? నువ్వు కంచె అవుతల కూసొని పూరీలు తింటుంటివి, నీకేం కనవడ్డది?"

"నువ్వే ఇడిసిన అంటివి గదనయ్యా!"

"ఇడిసిన. గని చంటిపోరడు పట్టే బాల్ గాదు."

సంతోషి ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కవరు ముడి విప్పింది.

డిపో ఇవతల బడి మలుపులో ఆటో ఆగింది. వినోద గ్లౌజు కోసం చూస్తే కవరు ఖాళీగా ఉంది. గ్లౌజు పిల్ల చేతికి ఉంది.

"వాపసియ్యవానే?"

"ఐతారం అయినంక ఇస్త" అంది సంతోషి.

అప్పటికే ఇమ్మానుయేల్ దిగి, బ్యాటు భుజాన వేసుకుని నడుస్తున్నాడు. "పొయ్యొస్త అని ఒక్క మాటన్న అనవేందయ్యా" అని అంబదాస్ వెనకనుంచి మండిపడ్డాడు. ఆయన తిరిగి చూడలేదు. ఎదురుగా వస్తున్న ఇద్దరు ఆ బ్యాటును చూసి, నమస్తే పెట్టి మరీ దారి వదిలారు.