ఏ విమానమో చెప్పు నాయనా

మా బాబాయికి తాగుడు లేదు, పేకాట లేదు, ఆఖరికి కోపం కూడా లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు: ఊళ్ళోకి ఎవరొస్తున్నా ఎదురెళ్ళాలి. మన చుట్టమే కానక్కర్లేదు. పళ్ళ డాక్టరుగారి అత్తగారు, ఎదురింటివాళ్ళ అల్లుడు, ఎవరైనా సరే. కారు నాది కాబట్టి ఆ జబ్బుకి డ్రైవర్ని నేను.

ఒకసారి హడావుడిలో స్టేషన్నుంచి ఎవరినో ఇంటికి తెచ్చేశాడు. ఆయన స్నానం చేసి, భోంచేసి, కునుకు కూడా తీశాక తెలిసింది, రావాల్సిన మనిషి ఇంకా స్టేషన్లోనే ఉన్నాడని.

"మీరైనా చెప్పొద్దుటండీ?" అన్నాను, ఒళ్ళు మండి.

"మీ బాబాయిగారు అంత సంతోషపడుతుంటే కాదనడానికి నోరు రాలేదమ్మా" అన్నాడాయన.

ఎందుకీ అవస్థ అని అడిగితే బాబాయి కళ్ళు అరమూసేవాడు. "ఎయిర్‌పోర్టులో ఆ గాజు తలుపులు తెరుచుకుంటాయి చూడు... నిద్రమొహాలతో ఒక్కొక్కళ్ళే బయటికొస్తారు. మనకోసం ఎవరైనా వచ్చారా అని వెతుక్కుంటారు. అప్పుడు మనం చెయ్యి ఊపామనుకో, అబ్బ!" మిగతాది గాల్లోకి చూస్తూ తనొక్కడే అనుభవించేవాడు.

ఆయన చెల్లెలు, మా అత్త, వీధి చివర బట్టలు కుడుతుంది. మామయ్య పోయాక ఆ ఇంట్లో మిషను చప్పుడే తప్ప మనిషి మాట వినపడేది కాదు. అలాంటిది ఉన్నట్టుండి పాటలు మొదలయ్యాయి. ఏ లోకంలో ఉందో ఏమో, కిటికీ తెరకి జేబు కుట్టేసింది.

సంగతేమిటంటే, ఫోన్లో ఒకాయన పరిచయమయ్యాడు. ఏదో ఓడలో ఇంజనీరట. పొద్దున్నే సముద్రం ఫోటో పంపుతాడు. వీడియో కాల్ అంటే మాత్రం సిగ్నల్ ఉండదు. ఇప్పుడు వచ్చేసి పెళ్ళి చేసుకుంటాడట. జీతం ఓడ దిగాక గానీ చేతికి రాదు కాబట్టి విమానం టికెట్టుకి డబ్బు పంపమన్నాడు. అత్త బ్యాంకులో దాచుకున్నదంతా తీయడానికి సిద్ధమైపోయింది.

"మోసం అత్తా!" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"నీకింకా పెళ్ళి కాలేదని కుళ్ళు" అంది అత్త.

బాబాయి మొహం మాత్రం వెలిగిపోయింది. "వస్తున్నాడా! ఏ విమానం?"

నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

బాబాయి అత్త పక్కన కూచుని, ఆమె ఫోన్లోంచే రాశాడు. "నాయనా, నేను అన్నయ్యని. ఏ విమానం? పెట్టెలెన్ని? డిక్కీ చిన్నది."

"ముందు డబ్బు పంపండి" అని జవాబు.

"టికెట్టు నేనే కొంటాలే. పాస్‌పోర్టులో పేరెలా ఉంది? కిటికీ పక్క సీటు కావాలా?"

"టికెట్టు కొనొద్దు. మా ఏజెంటు ఖాతాలో వెయ్యండి. ఇవాళే. ఎవరికీ చెప్పకండి."

"చెప్పకపోతే ఎదురెళ్ళేదెలా నాయనా?"

"ప్రేమ ఉంటే ఇన్ని ప్రశ్నలు అడగరు."

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రావాలనుకున్నవాడికి టికెట్టు చాలు కదమ్మా. వీడికి టికెట్టు వద్దట, డబ్బే కావాలట" అన్నాడు మెల్లిగా.

అత్త ఫోను తీసుకుని తనే ఒక్క ముక్క రాసింది. "అన్నయ్య టికెట్టు కొంటాడు. వస్తావా?"

జవాబు రాలేదు. మర్నాటికి సముద్రంతో సహా మనిషి మాయం.

డబ్బయితే దక్కింది గానీ, అత్త మిషను మూతేసి తలుపులు బిగించుకుంది. ఇంటికి చుట్టం వస్తున్నాడని వీధంతా చెప్పుకుంది మరి. ఇప్పుడు అడిగినవాళ్ళకి ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? 

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి అత్త ఇంటి పక్కన మందుల షాపు ముందు బాబాయి చుట్టూ జనం. "ఓడ ఇంజనీరన్నాడండీ! మా చెల్లెలింట్లో దింపుదామనుకున్నాను. నన్నెంత బాగా బుట్టలో వేశాడనుకున్నారు!" అని చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. జనం పగలబడి నవ్వుతున్నారు. అందరికంటే గట్టిగా మందుల షాపాయన.

నేను బాబాయిని పక్కకి లాగాను. "వాణ్ణి పట్టుకున్నదే నువ్వు కదా! ఎందుకీ అబద్ధం?"

"నన్ను చూసి నవ్వడం వాళ్ళకి అలవాటే. నాకూ అలవాటే. మీ అత్తకి అలవాటు లేదు కదే" అన్నాడు.

ఇంతలో తలుపు తెరుచుకుంది. అత్త సరాసరి జనం మధ్యకి వచ్చింది. "ఇంక చాలన్నయ్యా. ఆ ఇంజనీరు ముంచబోయింది నన్ను. ఏ విమానమని నువ్వడగబట్టి బయటపడ్డాను" అంది, అందరికీ వినపడేలా.

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. ఒక్కొక్కళ్ళే జారుకున్నారు. మందుల షాపాయన మాత్రం కదల్లేదు. గొంతు తగ్గించి, "ఏమ్మా, ఓడల్లో నర్సులు కూడా ఉంటారా?" అన్నాడు. "నాకొకావిడ... అదే, టికెట్టుకని..."

అత్త ఆయన్ని ఎగాదిగా చూసింది. షాపులోంచి కుర్చీ లాగి వేసింది. "కూచోండి. ఆ ఫోనిలా ఇవ్వండి" అంది. చాలా రోజులకి ఆమె మొహంలో నవ్వు చూశాను.

బాబాయి ఆమె భుజం మీంచి తొంగిచూశాడు. "ఒకవేళ ఈవిడ నిజంగానే వస్తుందేమో?" అన్నాడు ఆశగా.

"వస్తే కారు తీస్తాలే బాబాయ్" అన్నాను.