దూలం కింద మంచం

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, సరైన కారణం చూపిస్తే ఒప్పుకోని మనిషంటూ ఈ లోకంలో ఉండరని నేను మనస్ఫూర్తిగా నమ్మేదాన్ని. నిడదవోలు నుంచి రోజూ రైల్లో రాజమండ్రి వెళ్లి బి.ఏ. చదువుతూ, కాలేజీ డిబేటు పోటీల్లో ఎదుటి పక్షాన్ని నోరెత్తనివ్వని కాలమది. బహుమతులుగా వచ్చిన స్టీలు గ్లాసులను నలుగురికీ కనబడేలా నాన్నగారి కిరాణా కొట్లో పెట్టించాను. (నాన్నగారు వాటితో మెంతులు కొలిచేవారు.) అటువంటి నన్ను మా ఇంటి నడిమిగదిలో, శ్రోతల సమక్షంలో ఓడించినవారు మా పెద్ద మేనత్తగారు.

మాది పెంకుటిల్లు. ఏటా ఎండల్లోనే పెంకు తిరగవేయించాలి. పగిలినవి తీసి కొత్తవి వేయించాలి. నాన్నగారు ఆ ఏడు "రేపు చూద్దాంలే" అంటూ ఆషాఢం దాకా తెచ్చారు. వాన పట్టుకున్నాక తడిసిన పెంకుల మీదికి ఏ పనివాడూ ఎక్కడు. అత్తయ్యకు ఉబ్బసం. చెమ్మ తగిలితే ప్రమాదమని డాక్టరుగారు గట్టిగా హెచ్చరించి ఉన్నారు. ఆవిడ మంచాన్ని గోడవార నుంచి కిటికీ పక్కకు, అక్కడి నుంచి తలుపు మూలకు జరిపాం. వాన కూడా మాతోపాటే జరిగింది. గదిలో పొడిగా మిగిలింది ఒక్కటే చోటు: సరిగ్గా నడుమ, పెద్ద దూలం కింద. అత్తయ్య మాత్రం ఆ చోటు వంక చూడనైనా చూడకుండా, తడి మంచం మీద గొడుగు వేసుకొని కూర్చుని దగ్గుతున్నారు.

"దూలం కింద ఎందుకు పడుకోకూడదో ఒక్క కారణం చెప్పండి అత్తయ్యా" అన్నాను.

"కూడదంటే కూడదు. దానికి మళ్లీ కారణం కూడానా?"

కారణం లేని చోట నేను ఊరుకోగలనా? విసనకర్ర తిరగేసి పట్టుకొని, దాని కాడతో ఒక్కొక్కటే చూపిస్తూ మొదలుపెట్టాను. నీటిని కిందికి జార్చడం పెంకు పని. ఆ పెంకులు జారిపోకుండా పట్టి ఉంచేవి అడ్డంగా కొట్టిన సన్నని చెక్కలు. ఆ చెక్కలను మోసేవి ఏటవాలు వాసాలు. వాసాల పైకొసలు ఆనుకున్నది దూలం మీద. కిందికొసలు గోడ దాటి చూరుగా పొడుచుకు రావడం గోడ తడవకుండా ఉండటానికి. నీరెప్పుడూ ఇంటి కొప్పు నుంచి చూరు వైపే పరుగెడుతుంది కనుక, కొప్పు కింద, అంటే దూలం కింద, కురిసే అవకాశమే లేదు.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే వినడమేగానీ, కళ్లారా చూడటం ఇదేనే" అన్నారు అత్తయ్య. ఆ మీదట కాసేపు పైకి చూసి, "అయితే ఇంటి బరువంతా ఈ దూలమే మోస్తోందంటావు?"

"అవునండి!" అన్నాను, గెలుపు చేతికందినట్టు.

"పెంకు జారితే?"

"ఒక్క పెంకే పడుతుంది."

"వాసం విరిగితే?"

"ఆ పక్క కాస్త కుంగుతుంది."

"మరి దూలం విరిగితేనో?"

అబద్ధం చెప్పడం నా సిద్ధాంతానికి విరుద్ధం. "ఇల్లంతా కూలుతుంది."

"చూశావా! ఇన్నాళ్లూ ఊరికే భయపడ్డాను. నీ పుణ్యమా అని ఇవాళ కారణం కూడా తెలిసింది."

కారే చోట పెట్టిన గిన్నె నిండితే పారబోసి వచ్చిన నాన్నగారు, "అది చెప్పింది నిజమే అక్కయ్యా" అని నా పక్షాన నిలబడబోయారు.

"ఏదిరా? దూలం కూలుతుందన్నదా?"

నాన్నగారు గిన్నె తీసుకొని మళ్లీ బయటికి నడిచారు. కప్పు కూలితే గోడవార ఉన్నవాళ్లు మాత్రం మిగులుతారా అని నేను నిలదీశాను. "గోడవారైతే దగ్గుతూ పోతాను. అది మన వంశంలో ఉన్నదేగా" అన్నారావిడ, గొడుగు సర్దుకుంటూ. అప్పటికి ఊపిరిలో పిల్లికూతలు మొదలయ్యాయి. నాకు ఒకవైపు భయం, ఇంకోవైపు ఒళ్లుమంట.

అంతలో అమ్మ ఒక పాత దుప్పటి తెచ్చి, "దూలం కనపడకుండా ఇది కట్టేద్దామా వదినగారూ?" అంది.

"అలా అయితే దోషం లేదు. మా అత్తవారింట్లోనూ అలాగే కట్టేవారు" అన్నారు అత్తయ్య, వెంటనే.

నేను మండిపడ్డాను. "ఇదేమిటండీ! ఇంతసేపూ బరువన్నారు, కూలుతుందన్నారు. దుప్పటి కడితే బరువు తగ్గుతుందా? కూలే దూలాన్ని దుప్పటి ఆపుతుందా? దీనికి నేను ఒప్పుకోను. ఇది మూఢనమ్మకానికి ముసుగు వేయడం!"

అత్తయ్య దగ్గు ఆపుకొని, నా వంక ఓపికగా చూశారు. "ఒసేయ్, నువ్వు గెలవాలా, నేను పొడిగా పడుకోవాలా? ఏదో ఒకటి తేల్చు. నాకు ఆయాసంగా ఉంది."

ఇటువంటి ప్రశ్న డిబేటులో ఎవరూ అడగరు. స్టూలెక్కి దుప్పటి నేనే కట్టాను. ("ఆ మూల ఇంకా కనబడుతోందే" అని మంచం మీది నుంచి పర్యవేక్షణ.) పొడి పక్క వేసి, మంచాన్ని గది నడుమకు లాగాం. అత్తయ్య పడుకున్న కాసేపటికే నిద్రపోయారు.

అప్పుడు తట్టింది నాకు, ఆ దుప్పటి వాదాన్ని చిత్తుచిత్తు చేసే అద్భుతమైన జవాబు. అది ఈనాటికీ తిరుగులేనిదేనని నా అభిప్రాయం. ఆ మధ్యాహ్నమంతా దాన్ని నాలుక చివర పెట్టుకొని ఆవిడ పక్కనే కూర్చున్నాను. మెల్లగా ఆవిడ ఊపిరిలో పిల్లికూతలు తగ్గి, గురక మొదలైంది. నా జీవితంలో నేను పూర్తిగా విన్న ఎదుటి పక్షం వాదన అదొక్కటే.