అత్తకు పాలు పడవు

జంతువుల మీద జాలితో పాలు, పెరుగు, నెయ్యి మానేసిన మనుషుల గురించి పరిశోధన చేయడం నా వృత్తి. యూనివర్సిటీలో సోషియాలజీ చెబుతాను. జిల్లాలు విడగొట్టిన మరుసటేడు, నా పుస్తకంలో పల్లెల అధ్యాయం దగ్గర బండి ఆగిపోయింది. ఇదంతా పట్నపు సరదా అని మా పెద్ద ప్రొఫెసర్ వాదన. "మీ వైపు పల్లెల్లో ఒక్క మనిషిని చూపించు, లేదంటే ఆ అధ్యాయం తీసెయ్" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

ప్రశ్నల కాగితాలు సంచిలో పెట్టుకుని పొదిలి దగ్గర మా మేనత్త ఊళ్లో దిగాను. పది రోజులు తిరిగినా ఒక్కరూ దొరకలేదు. అత్త ఇంట్లో రెండు బర్రెలు. కోడలు పాలు పిండి కేంద్రానికి పోస్తేనే ఇల్లు గడిచేది. అత్త మాత్రం నల్ల టీ తాగేది. ఆమెకు పాలు పడవని మా చుట్టాలందరికీ తెలుసు. అందుకే ఆమెను అడగనే లేదు. ఎంత తెలివిగలదాన్నో చూడండి!

బయల్దేరే రోజు మాటవరసకు, "తాగితే ఏమవుతుందత్తా, కడుపునొప్పా?" అన్నాను. కోడలు పెరట్లో పేడ ఎత్తుతోంది. అత్త గొంతు తగ్గించింది.

"నొప్పీ లేదు, ఏమీ లేదే. మీ బావను కన్న నెలకు మా బర్రె దూడ చచ్చిపోయింది. మా అత్త దాని తోలు ఒలిపించి, అందులో గడ్డి కూరి, ఉప్పునీళ్లు చల్లి, బర్రె ముందర నిలబెట్టింది. అది తన బిడ్డే అనుకోని నాకతా నాకతా పాలు చేపింది. బాలింతనని ఆ పాలు కాచి నాకే ఇచ్చినారు. నా ఒళ్లో నా బిడ్డ. ఎట్ల తాగేది? పడవని చెప్పినా. అంతే."

నేను ఊరూరా తిరిగి వెతికిన మనిషి, చిన్నప్పుడు నాకు తల దువ్విన మనిషి! చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

"రాసుకోనా అత్తా?"

"వద్దు తల్లీ. ఆ పిల్ల పాలు పోసి సంసారం ఈదుతాంది. ఈ మాట వింటే బర్రె కింద కూర్చోగలదా? నేనున్నన్ని దినాలు నీ నోట రాకూడదు."

కాగితం మీద 'ఆరోగ్య కారణాలు' అన్న గడిలో టిక్కు పెట్టాను. అధ్యాయం పోయింది. బస్సులో ఏడ్చాను కూడా.

అత్త పోయాక, దినం నాడు ఆమె ఫొటో ముందు కోడలే విస్తరి వేసింది. ఇష్టమైనవన్నీ వడ్డించి, నల్ల టీ పెట్టింది. నెయ్యి, పెరుగు వేయలేదు.

"నెయ్యి లేని విస్తరి ఏందమ్మా?" అని ఒక పెద్దాయన గద్దించాడు.

"మా అత్తకు పాలు పడవు మామా" అంది తలెత్తకుండా.

భోజనాలయ్యాక నేను చేతులు కడుక్కుంటుంటే నా పక్కకొచ్చి నిలబడింది.

"ఆ పొద్దు గోడవతలే ఉన్నా చెల్లీ, అంతా విన్నా. పోయినేడు మన బర్రెకు దూడ పోయింది. తోలు కట్టలేదు. పాలు ఎండిపోతే పోనీ అనుకున్నా. అత్త అడిగితే, తోలు కుక్కలు పీకినాయని చెప్పినా."