గీత లేని వాటా

శాలిబండలో పాలమ్మే రుక్మాబాయి పొద్దున్నే ఉమ్మడి వాకిట్లో తన సగం ఊడ్చి, నడిమధ్య పాతిన నాపరాయి దగ్గర చీపురు ఆపేస్తుంది. రాయికి అవతలిది తోటికోడలు సోనీది. చీపురు ఎన్నడూ రాయి దాటలేదు. ఇద్దరి ఇళ్లూ కూల్చి అపార్ట్‌మెంట్ కడతామని బిల్డరు వచ్చినప్పటి నుంచి రుక్మాబాయికి ఒకటే ఫికర్. "ఈ జాగల నాది ఏ మూలకొస్తది, భాయ్?" అని కొంగు నలుపుతూ బిల్డరును అడిగింది. "అన్‌డివైడెడ్ షేర్ అమ్మా. నేలల అందరికీ వాటా ఉంటది గానీ, గిది నీదని గీత గీసి చూపెట్టరాదు," అన్నాడతను. మర్నాడు చీపురు రాయి దగ్గర తడబడి, అవతలికి పోయింది. సోనీ బిత్తరపోయి బయటికొచ్చింది. "నా దిక్కు గూడ ఊడుస్తున్నవేందక్కా?" రుక్మాబాయి వంచిన నడుం ఎత్తలేదు. "నాదేదో తెల్వనప్పుడు, ఏది ఇడిచిపెట్టాలె?"