పడవ ముందు కొసన కూర్చోవడం

తెరచాప పడవలో సార్డీనియా దీవి చుట్టూ తిరిగి వస్తానని చెబితే, యాంగోన్ రేవు పేట సేక్కాన్‌లో ఉండే మా చిన్నాన్న ఆ దీవి ఎక్కడుందని కూడా అడగలేదు.

"పడవ ముందు కొసన ఎవుల్నీ కూకోనియ్యకు," అన్నాడు.

అక్కడ నాట్ దేవత ఉంటుందని బర్మావాళ్ళంటారు. గంగమ్మ ఉంటుందని మా తెలుగువాళ్ళంటారు. ఎవరైతేనేం, ఆ సీటు రిజర్వయిపోయింది. చిన్నాన్న నది అవతలి ఒడ్డున డలాకి సంపాన్ పడవ నడిపే రోజుల్లో ఒక పెద్దమనిషి బూట్లతో సహా అక్కడ కూర్చున్నాడు. లేవమనడానికి చిన్నాన్నకు నోరు రాలేదు. నది మధ్యలో ఏదో లాంచీ అల కొట్టి సంపాన్ తిరగబడింది. పెద్దమనిషి ఈదుకుంటూ ఒడ్డెక్కాడు, బూట్లతో సహా. అదే పడవలో ఉన్న మా నాన్న ఎక్కలేదు. అప్పటినుంచీ చిన్నాన్న అన్నను తన చేతులతో చంపుకున్నవాడిలా బతుకుతున్నాడు.

అందుకే నేను ఆ కొసనే కూర్చుని, క్షేమంగా తిరిగొచ్చి, ఏమీ కాలేదని ఆయన మొహం మీద చెప్పాలనుకున్నాను. విహారయాత్రలకు జనం ఇంతకంటే మంచి కారణాలతో వెళతారని నాకూ తెలుసు.

బయల్దేరేటప్పుడు ఆయన ఎర్రదొకటి, తెల్లదొకటి గుడ్డపేలికలు నా చేతిలో పెట్టి, దేవత కాపాడుతుందని ముందు కొసన కట్టమన్నాడు. మాటిచ్చాను కాబట్టి కట్టాను.

తీరా చూస్తే ఆ పడవలో కొసన కూర్చోవడం ధైర్యం కిందికి రాదు. అందరూ చేసే పనే అది. నా స్నేహితులిద్దరూ, ఒకడు ఓడల్లో ఇంజనీరు, ఇంకొకడు లమ్మడా బజారులో ఉల్లిపాయల టోకు వ్యాపారి, పొద్దున్నే ఒంటికి నూనె రాసుకుని అక్కడే బోర్లా పడుకునేవారు. యాంగోన్‌లో ఎండ తగిలితే గొడుగు వెతుక్కునే మనుషులు. దేవతను ధిక్కరించడానికి వచ్చినవాణ్ణి, కాస్త జరగండని వీళ్ళను బతిమాలుకోవాల్సి వచ్చింది.

పడవ నడిపే ముసలాయన ఆ దీవివాడే. పేలికలు పీకి పారేస్తాడనుకున్నాను. ఆయన వాటిని చూసి గాలి ఎటు తిరిగిందో పోల్చుకోవడం మొదలుపెట్టాడు. రెండో రోజుకి వాటివంక చూడకుండా చుక్కాని తిప్పడం మానేశాడు.

"మీ సిన్నాన్నకి జీతం ఇప్పించాల్రా," అన్నాడు ఉల్లిపాయల స్నేహితుడు.

మధ్యలో లంగరు వేసి, కారు అద్దెకు తీసుకుని దీవి లోపలికి వెళ్ళాం. సీసా బిరడాల కోసం సగం దాకా బెరడు ఒలిచేసిన కార్క్ చెట్లు, లుంగీ ఊడిపోయినవాళ్ళలా సిగ్గుపడుతూ నిలబడ్డాయి. ఒక పాత రాతి బురుజును ఎవరు, ఎందుకు కట్టారో సరిగ్గా తెలియదని అక్కడి గైడు ఎంతో గర్వంగా చెప్పింది. పూటకూళ్ళ ఇంట్లో అప్పడంలాంటి రొట్టె పెడితే, పప్పు ఏదని మేం ముగ్గురం ఒకేసారి చుట్టూ చూశాం. ఏళ్ళ తరబడి సముద్రాలు దాటిన మా ఇంజనీరు కొండదారి మలుపుల్లో కారు ఆపించి మరీ వాంతి చేసుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు గాలి లేచింది. అందరూ వెనక్కి వెళ్ళిపోయారు. నేను చెప్పులు తొడుక్కుని వెళ్ళి కొసన కూర్చున్నాను. అల వచ్చి నడుం దాకా తడిపింది. భయమేసింది. నాన్న కూడా ఇలాగే భయపడి ఉంటాడనిపించి ఏడుపొచ్చింది. ముసలాయన తన భాషలో తిట్టినవన్నీ విన్నాక గానీ లేవలేదు.

సేక్కాన్ చేరగానే చిన్నాన్న నన్ను టీకొట్టుకి తీసుకెళ్ళాడు.

"ముందు కొసన కూకున్నారేటి ఎవులైనా?"

"అందరూ కూకున్నారు. నేను చెప్పులేసుకుని మరీ కూకున్నాను, అంత గాలిలోనూ. ఏటీ అవలేదు. ఆ రోజు లాంచీ వల్లే అయింది చిన్నాన్నా. నీ వల్ల కాదు."

ఆయన టీ కప్పు ఎత్తి ఓ గుక్క తాగాడు. భుజాలు కాస్త దిగినట్టే అనిపించింది నాకు.

"గుడ్డ కట్టావా?"

"కట్టాను."

"ఆకరి దాకా ఉందా?"

ఉందన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా. ఆ ముసలాయన వాటిని చూసే పడవ నడిపాడని కూడా సంబరంగా చెప్పాను.

"ఉంది కాబట్టే ఏటీ అవనేదు," అన్నాడు చిన్నాన్న. కప్పు కింద పెట్టేశాడు. "ఆ రోజు మన సంపాన్‌కి గుడ్డ నేదురా. మాసిపోయిందని నేనే ఇప్పి, ఉతికి ఇంటి కాడ ఆరేసాను."