ఆయ్ అంటే లేచే చెంచా

సైన్యంలో ఉండగా సరిహద్దులో మందుపాతర పేలి భీమరాజు కుడిచెయ్యి మోచేతి పైదాకా పోయింది. ఎడమచేతికి వేళ్ళు మిగల్లేదు. 2000లో మొగల్తూరు తిరిగొచ్చాక తల్లి అచ్చాయమ్మే ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. ముప్పై అయిదేళ్ళ మనిషి. పెద్దక్క కూతురి పెళ్ళి పంక్తిలో, నలుగురి మధ్యా, తన అన్నం తనే తినాలన్నదొక్కటే అతని కోరిక.

ఆసుపత్రివాళ్ళిచ్చిన పెట్టుడు చెయ్యి చొక్కాలో దర్జాగా ఉండేది గానీ వంగేది కాదు. సైకిల్ షాపు చిట్టియ్య దానికి మోచేతి దగ్గర మడతబందు వేసి, బ్రేకు వైరు భుజానికి కట్టి, చివర చెంచా బిగించాడు. ముందుకి వంగితే చెంచా నిండుతుంది, భుజం ఎగరేస్తే నోటికి రావాలి. రాలేదు. దెబ్బతిన్న భుజం ఎంత బిగబట్టినా కదల్లేదు. చిట్టియ్య వైరుకి నూనె పోశాడు. తర్వాత భుజానికి కూడా రాశాడు.

వంటింట్లోంచి అచ్చాయమ్మ అడిగింది. "పప్పులో ఉప్పు సరిపోయిందా నాయనా?"

"ఆయ్," అన్నాడు భీమరాజు, ఇంకా రుచే చూడకుండా.

పెద్దవాళ్ళకి ఔనండీ అనడానికి ఆయ్ అనేటప్పుడు మావాళ్ళ భుజం దానంతటదే ఎగురుతుంది. ఎగిరింది. తెరుచుకున్న నోట్లోకి చెంచా సరిగ్గా దిగింది.

అప్పట్నుంచి అతనికి కూరల కంటే ప్రశ్నలు ఎక్కువ కావలసివచ్చాయి. అవీ ఔననగలిగేవే అయ్యుండాలి. "లేదండి" అంటే భుజం జారి చెంచా పులుసులో మునిగేది.

పెళ్ళిలో అలాంటివే అడుగుతుండమని చిట్టియ్య ముందే అందరికీ చెప్పి ఉంచాడు. వానలు పడతాయా అని ఒకరు, రొయ్యలకి తెగులు తగ్గిందా అని ఒకరు అడుగుతుంటే భోజనం సాగింది. ప్రశ్నలు అయిపోయాక జనం సొంత పనులు అడగడం మొదలెట్టారు. పులిహోర పూర్తయ్యేలోపు అతను నీటి సంఘం ఎన్నికల్లో నిలబడటానికీ, మావయ్య దొరబాబు ముసలి గేదెని కొనడానికీ ఒప్పుకున్నాడు. ఎదుటి పంక్తిలో అచ్చాయమ్మ మాత్రం తన విస్తరి ముట్టుకోకుండా కొడుకునే చూస్తోంది.

పాయసం వచ్చింది.

"ఏంట్రా అల్లుడూ," అన్నాడు దొరబాబు, "ఎన్ని చెప్పు, అమ్మ చేత్తో పెడితేనే బాగుంటుంది కదా?"

భీమరాజు నోరు మూసుకున్నాడు. చెంచా నిండా పాయసం అలాగే తొరక కట్టింది. పంక్తంతా ఎదురుచూసింది. అచ్చాయమ్మ లేచొచ్చి, చెంచా మీదికి చెయ్యి చాపి, ఆగిపోయింది.

"అయితే నాయనా, వెళ్ళి నా అన్నం నేను తినమంటావా?"

"ఆయ్," అన్నాడు భీమరాజు.